‘రాబోయే 30 రోజుల్లో ఎవరి పాలసీ రెన్యువల్ ఉంది?’ - డిసెంబర్‌లో డేటాబేస్ ఎందుకు తప్పు చెబుతుంది?

ఆరోగ్య బీమాకు ఏడాదికోసారి ప్రీమియం కట్టేవారికి గడువు దాటాక 30 రోజుల గ్రేస్ పీరియడ్ ఉంటుంది. అదీ దాటితే పాలసీ ల్యాప్స్ అవుతుంది. తర్వాత కొత్త పాలసీ తీసుకుంటే, అప్పటికే ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ మళ్లీ మొదటి నుంచి లెక్కిస్తారు. అది గరిష్ఠంగా 36 నెలలు ఉండొచ్చు.

అందుకే గడువును గుర్తుచేసే ఎస్ఎంఎస్‌కు అంత విలువ. అది ఎవరికి వెళ్లాలో తేల్చేది డేటాబేస్‌లో నడిచే ఒక చిన్న క్వెరీ.

సమస్య ఎక్కడ?

డేటాబేస్‌లో పాలసీ మొదలైన తేదీ, ఉదాహరణకు 2021 జనవరి 10 అని మాత్రమే ఉందనుకుందాం. ఈసారి జనవరి 10 ఎప్పుడన్నది లెక్కగట్టాలి.

సంవత్సరాన్ని వదిలేసి, నెల, రోజులనే పోల్చడం సులువుగా తోచే పద్ధతి. జూన్ 1న ఇది సరిగ్గానే పనిచేస్తుంది. డిసెంబర్ 20న మాత్రం ‘12-20కీ 01-19కీ మధ్య ఉన్నవి’ అని అడిగినట్లవుతుంది. 12-20 కంటే పెద్దదై, 01-19 కంటే చిన్నదైన తేదీ ఉండదు. జాబితా ఖాళీగా వస్తుంది. ఎర్రర్ మెసేజ్ కూడా రాదు కాబట్టి, ఎవరికీ రెన్యువల్ లేదనే అనుకుంటారు.

‘ఏడాదిలో ఎన్నో రోజు’ అనే లెక్కకూ చిక్కుంది. మార్చి 1 మామూలు ఏడాదిలో 60వ రోజు, లీపు సంవత్సరంలో 61వ రోజు.

ఫిబ్రవరి 29 సంగతేంటి?

2024 ఫిబ్రవరి 29కి ఏడాది కలిపితే మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ 2025 ఫిబ్రవరి 28 అంటాయి. ఎస్‌క్యూలైట్ మామూలుగా మార్చి 1 అంటుంది. ఏది తీసుకోవాలో సంస్థే ముందుగా నిర్ణయించుకోవాలి. గడువుల విషయంలో ముందు తేదీని పట్టుకోవడమే క్షేమం.

మరి ఏం చేయాలి?

- అసలు తేదీకి తగినన్ని సంవత్సరాలు కలిపి, ఈ ఏడాది తేదీని కట్టాలి. అది దాటిపోయి ఉంటే వచ్చే ఏడాది తేదీని తీసుకోవాలి. అది ఈరోజు నుంచి 30 రోజుల్లోపు ఉందా అని చూడాలి. పూర్తి తేదీలనే పోలుస్తున్నందున డిసెంబర్-జనవరి చిక్కు రాదు.

- ప్రతిసారీ అసలు తేదీ నుంచే లెక్కించాలి. కిందటేడు వచ్చిన ఫలితానికి ఒక్కో ఏడాది కలుపుతూ పోతే, ఫిబ్రవరి 28కి మారిన తేదీ 2028 లీపు సంవత్సరంలోనూ 28గానే ఉండిపోతుంది.

- ‘ఈరోజు’ అంటే ఏ దేశపు ఈరోజో చూసుకోవాలి. సర్వర్ గడియారం యూటీసీలో ఉంటే, భారత్‌లో ఉదయం 5:30 దాకా దానికి నిన్నటి తేదీయే.

ఇదంతా ఇంగ్లిష్ క్యాలెండర్ తేదీలకే. ఉగాది, రంజాన్ వంటివి ఏటా వేర్వేరు తేదీల్లో వస్తాయి కాబట్టి, వాటికి సంవత్సరాల వారీగా విడిగా పట్టిక ఉంచుకోవాల్సిందే.

క్వెరీని వాడకంలో పెట్టేముందు ‘ఈరోజు’ స్థానంలో డిసెంబర్ 20, ఫిబ్రవరి 28 పెట్టి పరీక్షించాలి. జూన్‌లో మాత్రమే పరీక్షిస్తే ఈ లోపాలు బయటపడవు.