ఆఫీసుల పేటకు వీధి అరుగు

పోయిన వేసవిలో హైదరాబాదు వెళ్లినప్పుడు మా మేనల్లుడు పనిచేసే ఆఫీసుల పేట చూడాలని బుద్ధి పుట్టింది. బిజినెస్ పార్కు అంటారు దాన్ని. పార్కు అన్నారు గదా అని చెట్లకోసం వెతికితే నవ్విపోతారు. నాలుగు పెద్ద మేడలు, చుట్టూ ప్రహరీ, వచ్చేపోయేవాళ్ల కోసం ముందొక ప్రవేశ మందిరం. ఆ మందిరమంతా అద్దాలే. అదీ పడమటి ముఖం! మధ్యాహ్నం మూడు గంటలవేళ లోపల అడుగుపెట్టి, చలికి చేతులు కట్టుకున్నాను. తలుపు తీసి మూసే కాపలా మనిషి మాత్రం, టోపీ కింద చేతిరుమాలు వేలాడేసుకుని, బయట నిలబడి వున్నాడు.

"ఇక్కడ నీడే లేదా నాయనా?" అన్నాను.

"పొద్దుగాల ఉంటది సార్. పగటీలి దాటినంక గోడ నీడ అటుదిక్కు పోతది. మీరు లోపల కూసోండ్రి" అన్నాడతను.

ఆ మాటలో సగం ఇంజనీరింగు వుంది. నడినెత్తి ఎండను చూరు ఆపుతుంది. సాయంకాలపు వాలు ఎండ చూరు కిందనుంచి దూరి వచ్చి తిన్నగా గోడకే తగులుతుంది. హైదరాబాదు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద వుంది గనుక, మే నెల రెండోవారం నుంచి ఆగస్టు మొదటి రోజులదాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరంగానే వుంటాడు. అంచేత ఆ రోజుల్లో కట్టడాన్ని కాల్చేవి కప్పూ, తూర్పు పడమటి గోడలూను. దక్షిణపు కిటికీకి రెండడుగుల చూరు చాలు. పడమటికి మాత్రం చెట్లో, నిలువు పలకలో, జాలీగోడో అడ్డం వుండి తీరాలి. (వాస్తు పండితులతో తగాదా నాకు వద్దు. నేను చెప్పేది ఎండ సంగతి.) అక్కడ వట్టి అద్దం నిలబెడితే, వెలుతురుతోపాటు చొరబడ్డ వేడి తిరిగి బయటికి పోలేదు. తలుపులు బిగించి ఎండలో వదిలిన కారు ఎక్కినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఆ వేడిని తోడటానికి యంత్రం, యంత్రానికి కరెంటు. తలుపు తెరిచినప్పుడల్లా ఆ చల్లగాలి కాస్తా వీధిపాలు!

ఇంతకీ ప్రవేశ మందిరంలో జనం చేసే పనేమిటి? పేరు రాయించుకోవటం, చీటీ పుచ్చుకోవటం, లోపలికి పోవటం. నాలుగు నిమిషాల పని. దానికోసం పెళ్లిపందిరంత హాలును చల్లబరచటమెందుకు? మన పాత ఇళ్లకు వీధి అరుగు వుండేది. పైన పెంకుల చూరు, కింద నున్నటి బండ. ఉత్తరాలు తెచ్చే పోస్టుమానూ, పెరుగమ్మే ముసలమ్మా, దారినపోయే బాటసారీ అందరూ అక్కడే. పనిపడినవారే నడవ దాటి లోపలికి వెళ్లేవారు. ఆఫీసుల పేటకు కూడా అంతకన్న మరేం కావాలి? నాలుగువైపులా గాలాడే పెద్ద చూరు, దానిమీద తెల్లపూత, కింద తాండూరు బండలు, పడమట జాలీగోడ, దాని కవతల నాలుగు వేపచెట్లు. ఆగి కూర్చోవలసిన వారికి లోపల ఒకటో రెండో చిన్న గదులు, వాటికే చల్లదనం. కాపలావాడు వుండేది చూరు కింద.

ఇదంతా పాతకాలపు మోజు అనుకునేవారు హైటెక్ సిటీ పక్కన కొత్తగూడలో వున్న సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను చూసి రావాలి. వడోదరకు చెందిన వాస్తుశిల్పి కరణ్ గ్రోవర్ గీసిన కట్టడం అది. 2004 జూలై 14న అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారు ప్రారంభించారు. పరిసరాలకు చెరుపు చేయని కట్టడాలను తూచే అమెరికావారి లీడ్ పద్ధతిలో 69కి 56 మార్కులు తెచ్చుకుని, ఆ దేశం వెలుపల ప్లాటినం మెట్టు ఎక్కిన మొదటి భవనమని పేరుపొందింది. అంత ఘనత సాధించినదాని నడుమ ఏముందనుకున్నారు? గుండ్రటి పెరడు! మన మండువా లోగిలికి దూరపు చుట్టమన్నమాట. చుట్టూ గదులకు దానినుంచే వెలుతురు. ఎండను చిలవలు చేసే జాలీగోడ, కప్పులో సగానికి పైగా గడ్డీ మొక్కలూ. వాడిన నీటిని మొక్కల వేళ్లగుండా వడగట్టి మళ్లీ తోటకే పారిస్తారు. స్నానాలగది నీళ్లను అరటిచెట్లకు మళ్లించిన అమ్మమ్మలు ఎవరూ దీనికి ఆశ్చర్యపోరు.

అక్కడ రెండు గాలిగోపురాలున్నాయి. పైనుంచి దిగే వేడిగాలికి నీటితుంపర తగిలి, తడిసిన వట్టివేళ్ల తడికనుంచి వచ్చినట్లు చల్లబడుతుంది. అలా చల్లబడ్డ గాలే యంత్రాలకు అందుతుంది గనుక వాటికి శ్రమ తగ్గుతుంది. ముచ్చటపడి దీన్నే విశాఖపట్నంలో కడితే మాత్రం డబ్బు దండగ. పొడిగాలిలోనే నీరు త్వరగా ఆవిరై వేడిని తీసుకుపోతుంది. సముద్రపుగాలిలో తడి ముందే వుంది. అక్కడ కావలసింది నీడా, ఎదురెదురు కిటికీలూను.

ఇక ఆ చిన్న గదుల మాట. నగరానికి తూర్పున పోచారంలో ఇన్ఫోసిస్ వారు ఒక భవనాన్ని అచ్చంగా ఒక్కలాంటి రెండు సగాలుగా కట్టారు. ఒక సగంలో మామూలు ఎయిర్ కండిషనింగు. రెండో సగంలో కాంక్రీటు పలకల్లో గొట్టాలు పరిచి చన్నీళ్లు పారించారు. అందులో పలకే చల్లబడి గదిలోని వేడిని పీల్చుకుంటుంది. లెక్క చూస్తే చల్లబరచటానికయ్యే కరెంటు రెండో సగంలో 34 శాతం తక్కువ!

ఇవన్నీ ఏకరువు పెడితే మా మేనల్లుడు నవ్వాడు.

"అద్దాలు మెరుస్తుంటేనే కంపెనీలు అద్దెకు దిగుతాయి మామయ్యా. పైగా కట్టించేది ఒకరు, కరెంటు బిల్లు కట్టేది ఇంకొకరు. కట్టించేవాడికేం నొప్పి?"

చిక్కంతా అక్కడే వుంది. చట్టం కొంత కదిలిన మాట నిజమే. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం చల్లని కప్పుల విధానం తెచ్చి, కొత్త వ్యాపార భవనాలకు ఎండను తిప్పికొట్టే కప్పు తప్పనిసరి అన్నది. కప్పు సంగతి సరే, పడమటి అద్దాల మాటేమిటని అడిగితే మా వాడు కాఫీ తెస్తానని లేచాడు.

మేము బయటికి వచ్చేసరికి అయిదున్నర. ఆ కాపలా మనిషే తలుపు తీసి పట్టుకున్నాడు. అద్దం మీద చెయ్యి ఆనించి, చటుక్కున తీసేశాను. ఇంకా కాలుతూనే వుంది.

"ఏడు కొట్టినంక సల్లబడ్తది సార్" అన్నాడతను.