చావు ఇంటికి వెళ్ళొచ్చినవాడిని పలకరించేదెవరు?

రైతు ఆత్మహత్య చేసుకున్నాడనగానే అప్పుల లెక్క బయటికి వస్తుంది, నకిలీ విత్తనాల సంగతి వస్తుంది, ఎక్స్‌గ్రేషియా మాట వస్తుంది. రావలసిందే. కాని ఆ చావు తర్వాత అక్కడికి వెళ్ళి చేతులతో పని చేసే మనుషులు కొందరున్నారు. వారి ఊసు ఎక్కడా రాదు.

విశాఖపట్నం కె.జి.హెచ్.నే తీసుకోండి. ఉత్తరాంధ్ర జిల్లాల పురుగుమందు కేసులు, కొన ఊపిరి ఉంటే, చాలావరకు ఇక్కడికే చేరతాయి. తెచ్చేది 108 సిబ్బంది. బతక్కపోతే మార్చురీ కార్మికుడు అందుకుంటాడు. పట్టాల మీద జరిగితే రైల్వే పోలీసు, గ్యాంగ్‌మన్. సముద్రంలో జరిగితే గజ ఈతగాళ్ళు, ఎక్కువగా జాలరిపేటల కుర్రాళ్ళే. ఊళ్ళో అయితే పంచనామా అయ్యేదాకా కాపలా కాసేది గ్రామ సేవకుడు. వీరిలో చాలామంది కాంట్రాక్టు మనుషులు, రోజుకూలీలు. రాత్రి శవం మోసినవాడు తెల్లారి మళ్ళీ డ్యూటీలో ఉండాలి. లేకపోతే జీతం కోత.

"అదే అలవాటైపోద్దిలే" అంటారు పైవాళ్ళు. ఏం అలవాటు? నిద్ర పట్టదు. అన్నం ముందు కూర్చుంటే ఆ వాసనే గుర్తుకొస్తుంది. ఊరికే పెళ్ళాం పిల్లల మీద కేకలేస్తాడు. కొందరు తాగందే పనిలోకి దిగలేరు. చూసినవాళ్ళు తాగుబోతని పేరు పెడతారు. ఆ మాట అనేవాళ్ళు ఒక్కపూట ఆ పని చేసి చూపాలని మా కోరిక.

ఇది పనిలో తగిలే గాయమే. ఘోరాన్ని చూసినందువల్ల మనసుకు పట్టే జబ్బును అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చింది. మన దేశంలో 1923 నాటి నష్టపరిహార చట్టపు జాబితాలో అది లేదు. దాని స్థానంలో తెచ్చిన 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ లేదు. పురుగుమందు విషం ఉంది, సీసం ఉంది, పాదరసం ఉంది. మనసుకు తగిలిన దెబ్బ మాత్రం లేదు. యజమానికి ఇంతకంటే చవక బేరం ఏముంటుంది?

ఇక మన సంఘాల సంగతి. ఊరి నుంచి శవంతోపాటు పట్నం ఆసుపత్రికి వచ్చేవాడు చాలాసార్లు మన కార్యకర్తే. 1997-98లో వరంగల్లు పత్తి రైతుల చావుల నాటి నుంచీ ఈ పని మనోళ్ళ నెత్తినే ఉంది. 2004లో వచ్చిన 421వ నెంబరు జీవో ప్రకారం ముగ్గురు అధికారుల కమిటీ ముందు కేసు నిలబడాలి. ఎఫ్.ఐ.ఆర్. కావాలి, పోస్టుమార్టం రిపోర్టు కావాలి, అప్పు కాగితాలు కావాలి. కౌలుదారైతే కాగితమే ఉండదు. భర్త పోయిన ఇల్లాలిని అవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ అడగవలసింది కార్యకర్త. కేసు కొట్టేస్తే ఆమె మొహం చూడవలసిందీ అతనే. ఇంటికెళ్ళి ఎవరితో చెప్పుకుంటాడు? "మన కామ్రేడు గట్టోడు" అంటూ మరో చావుకీ అతన్నే పంపుతారు.

అలాగని మీటింగులో కూర్చోబెట్టి "జరిగిందంతా చెప్పు" అని తవ్వకండి. అటువంటి బలవంతపు ముచ్చట మేలు చెయ్యదని పరిశోధనల్లో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వద్దనే చెప్పింది. తోడుగా ఇంటిదాకా వెళ్ళండి. తిన్నాడా, పడుకున్నాడా కనుక్కోండి. చెపితే వినండి, చెప్పకపోతే ఊరుకోండి. ఇద్దరేసి వెళ్ళాలి, వంతులవారీ వెళ్ళాలి. నెల దాటినా నిద్ర రాకపోయినా, తాగుడు పెరిగినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. వాల్తేరులో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. దాన్ని పిచ్చాసుపత్రి అనడం మనోళ్ళు ముందు మానాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్‌కు, 14416 నెంబరుకు, ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. "నాకూ పోవాలనుంది" అని నోట వస్తే మాత్రం నెల దాకా ఆగేది లేదు. ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా వెంటనే తీసుకెళ్ళాలి.

కాంట్రాక్టర్లను, అధికారులను అడగవలసినవి వేరే ఉన్నాయి: అటువంటి డ్యూటీ తర్వాత జీతంతో సెలవు, కొన్నాళ్ళు పని మార్పు, వైద్యం ఖర్చు. ఆసుపత్రి, రైల్వే, అంబులెన్సు యూనియన్లు తమ కోర్కెల పత్రంలో వీటిని రాయాలి. రైతు, వ్యవసాయ కూలి సంఘాలు వచ్చే కమిటీ మీటింగులో గడచిన ఏడాది ఎవరెవరు ఎన్ని చావు ఇళ్ళకు వెళ్ళారో ఒక కాగితం మీద వేసి చూడాలి. ఒకే పేరు వరసగా కనబడితే, ఈసారి ఇంకొకరిని పంపండి.