కీళ్లలో మంట... మనసులో రంది!

వెల్గటూరు, కోరుట్ల, సిరిసిల్ల... బీడీలు చుట్టే చేతులెన్నో ఉన్న ప్రాంతమిది. కీళ్లవాతంతో వేళ్లు బిగుసుకుపోయిన ఆడమనిషి పలకరించినా పలకకుంటే 'రంది పెట్టుకుంది' అనేస్తాం. కానీ కారణం రంది ఒక్కటే కాకపోవచ్చు.

రుమటాయిడ్ కీళ్లవాతంలో రోగనిరోధక వ్యవస్థ సొంత కీళ్లపైనే దాడిచేస్తుంది. అప్పుడు విడుదలయ్యే సైటోకైన్లు మెదడుపైనా ప్రభావం చూపుతాయి. జ్వరమొస్తే ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాక ముడుచుకు పడుకుంటామే, అదీ వీటి పనే! జ్వరం నాలుగు రోజుల్లో పోతుంది. కీళ్లవాతం ఏళ్ల తరబడి వేధిస్తుంది. ఒకప్పుడు హెపటైటిస్-సికి ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు తీసుకున్నవారిలో పలువురు డిప్రెషన్‌కు లోనయ్యారు. ఆ మందు సైటోకైనే!

అందరి దిగులుకూ ఇదే మూలం కాదు. అయినా కీళ్లనొప్పులతో పాటు నిద్ర, ఆకలి, దిగులు సంగతీ డాక్టరుకు చెప్పండి. 'బతకాలని లేదు' అన్న మాట వినిపిస్తే ఆలస్యం చేయకండి. ఉచిత హెల్ప్‌లైన్ టెలి మానస్: 14416.