బ్రాయిలర్ కోళ్లలో కాక్సిడియోసిస్: టీకా, లిట్టర్, పేగు ఆరోగ్యం

కోళ్లు పెంచే ఊళ్లలో 'రక్తపారుడు' అన్న మాట మీరు వినే ఉంటారు. పిల్లలు రెక్కలు వాల్చి, ముడుచుకొని ఒక మూలన చేరతాయి. రెట్టలో రక్తం కనబడుతుంది. శాస్త్ర పరిభాషలో దీన్ని కాక్సిడియోసిస్ అంటారు. అయితే రక్తపారుడు ఈ వ్యాధికి ఒక రూపం మాత్రమే. బ్రాయిలర్ రైతును ఎక్కువగా దెబ్బతీసేది రక్తం కనబడని రూపం. కోడి చావదు, మేత తింటుంది, కాని తిన్న మేత బరువుగా మారదు. 2003-04లో మన దేశంలో ఈ వ్యాధి వల్ల కలిగిన నష్టం సుమారు 114 కోట్ల రూపాయలని ఒక అంచనా. అందులో 95 శాతానికి పైగా బ్రాయిలర్ రంగానిదే.

వ్యాధికారకం ఐమేరియా అనే ఏకకణ పరాన్నజీవి. కోళ్లలో దీని జాతులు ఏడని సాధారణంగా చెబుతారు. బ్రాయిలర్లకు సంబంధించి మీరు మూడింటిని బాగా గుర్తుంచుకోవాలి. ఐమేరియా ఎసెర్వులినా ఆంత్రమూలంలో చేరి తెల్లని అడ్డగీతల వంటి మచ్చలు కలిగిస్తుంది. ఐమేరియా మాక్సిమా చిన్నపేగు మధ్యభాగాన్ని ఆశిస్తుంది. అక్కడ నారింజ రంగు జిగురు కనిపిస్తుంది. ఐమేరియా టెనెల్లా అంధనాళాలను ఆశించి రక్తస్రావం కలిగిస్తుంది. పల్లెల్లో రక్తపారుడు అనేది ప్రధానంగా దీన్నే.

జీవిత చక్రం ఎందుకు తెలియాలి?

రెట్టతో బయటపడిన ఊసిస్టు వెంటనే వ్యాధిని కలిగించలేదు. తేమ, గాలి, 25-30 డిగ్రీల వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లో దానిలో ఎనిమిది స్పోరోజాయిట్లు తయారవుతాయి. అలా పక్వమైన ఊసిస్టును కోడి మింగినప్పుడు కందనకాయలో దాని గోడ పగులుతుంది. పైత్యరసం, ట్రిప్సిన్ కలిసి స్పోరోజాయిట్లను విడుదల చేస్తాయి. అవి పేగు గోడ కణాల్లో చేరి, పెరిగి, కణాలను పగలగొట్టుకొని బయటికి వస్తాయి. జాతిని బట్టి 4 నుంచి 6 రోజుల్లో కొత్త ఊసిస్టులు మళ్లీ రెట్టలో పడతాయి. మామూలు క్రిమిసంహారకాలు వీటిని చంపలేవు. మంటతో కాల్చడం, బాగా ఎండబెట్టడం పనిచేస్తాయి.

ఒకసారి సోకి కోలుకున్న కోడికి ఆ జాతిపై రోగనిరోధక శక్తి వస్తుంది. ఆ జాతిపై మాత్రమే. టెనెల్లాను తట్టుకున్న కోడికి మాక్సిమా సోకవచ్చు. అందుకే టీకాలో ఒకటి కాక పలు జాతులు ఉంటాయి.

మందు, టీకా

మన దేశంలో బ్రాయిలర్లకు ఎక్కువగా మేతలోనే మందు కలుపుతారు. మోనెన్సిన్, సాలినోమైసిన్ వంటి అయోనోఫోర్లు, నికార్బజిన్, డైక్లాజురిల్ వంటి రసాయనాలు ఈ కోవలోనివి. ఏళ్ల తరబడి ఒకే మందు వాడితే పరాన్నజీవి దానికి అలవాటుపడుతుంది. ఇక్కడే టీకా ఉపయోగపడుతుంది.

కాక్సిడియా టీకా కొత్తది కాదు. అమెరికాలోని ఆబర్న్‌లో ఎస్.ఎ. ఎడ్గర్ కృషితో మొదటి వాణిజ్య టీకా 1952లో వచ్చింది. అందులో బతికి ఉన్న ఊసిస్టులే ఉంటాయి. తరువాత త్వరగా చక్రం ముగించి, పేగుకు తక్కువ హాని చేసే 'ముందస్తు' రకాలను ఎంపిక చేసి వాడారు. టీకాను హేచరీలోనే ఒకరోజు పిల్లలపై రంగు కలిపి పిచికారీ చేస్తారు. పిల్లలు ఈకలు పొడుచుకుంటూ దాన్ని మింగుతాయి.

అసలు పని ఆ తరువాత షెడ్డులో మొదలవుతుంది. ఒక్క మోతాదు చాలదు. పిల్ల రెట్టలోని టీకా ఊసిస్టులు లిట్టర్‌లో పక్వమై, మళ్లీ మింగబడి, రెండు మూడు చక్రాలు తిరిగితేనే మూడో వారం దాటేసరికి రక్షణ బలపడుతుంది. అంటే లిట్టర్ ఇక్కడ పరుపు మాత్రమే కాదు, టీకాలో సగభాగం.

జగిత్యాల జిల్లా ముత్యంపేట వైపు వరి ఊక పరచిన ఒక షెడ్డును ఊహించుకోండి. మే నెల ఎండకు ఊక పొడిబారితే ఊసిస్టులు పక్వం కావు. కొన్ని పిల్లలకు రక్షణ రాదు, అవి ఆలస్యంగా జబ్బుపడతాయి. జులై జల్లు పక్కతెర దాటి లోపల పడితే, లేదా నిపుల్ కారితే, ఊసిస్టులు అవసరానికి మించి పక్వమై టీకాయే జబ్బుగా మారుతుంది. గుప్పెడు ఊక పిడికిట్లో నొక్కి వదలండి. ముద్దగా నిలిచిపోతే తడి ఎక్కువ, అసలు అంటుకోకపోతే పొడి ఎక్కువ, కొంచెం అంటుకొని విడిపోతే సరిపోయింది. పిల్లలకు స్థలం పెంచేటప్పుడు అంతా కొత్త ఊకే పరచకుండా పాత ఊకను కొంత కలపండి.

మరొక సంగతి. కాంట్రాక్టు పెంపకంలో పిల్లలు, మేత, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, ఊక, కష్టం రైతువి. టీకా వేయాలా వద్దా అన్నది కంపెనీ నిర్ణయం. దాని ఫలితం మాత్రం రైతు ఊక మీద, చివరికి రైతుకు వచ్చే పెంపకం కూలి మీద పడుతుంది. కాబట్టి పిల్లలు దిగిన రోజే "వీటికి కాక్సి టీకా వేశారా? మేతలో మందు ఉందా?" అని అడగడం రైతు హక్కని నా అభిప్రాయం. టీకా వేసిన బ్యాచ్‌కు సాలినోమైసిన్ ఉన్న మేత పెడితే టీకా ఊసిస్టులు చచ్చిపోతాయి, టీకా ఖర్చు వృథా. నీళ్లలో ఆంప్రోలియం కలిపినా ఇదే నష్టం.

టీకా బ్యాచ్‌లో రెండు, మూడు వారాల మధ్య పెరుగుదల కొంత మందగించవచ్చు. 40 రోజుల లోపే అమ్మే కోడికి ఇది చిన్న విషయం కాదు. బ్రాయిలర్లలో టీకా వాడకం పరిమితంగా ఉండటానికి ఇదొక కారణం. అయితే టీకాలోని ఊసిస్టులు మందుకు లొంగే రకం. ఒకటి రెండు బ్యాచ్‌లు టీకా వాడితే షెడ్డులో మందుకు లొంగనివాటి స్థానాన్ని ఇవి ఆక్రమిస్తాయి. తరువాత పాత మందు మళ్లీ పనిచేస్తుంది.

పేగు ఆరోగ్యం

ఐమేరియా, ముఖ్యంగా మాక్సిమా, గాయపరచిన పేగు గోడ నుంచి ప్రోటీన్లు కారతాయి. పేగులో సహజంగా ఉండే క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్‌కు అది మంచి ఆహారం. అది విపరీతంగా పెరిగి పేగు లోపలి పొరను కుళ్లబెడుతుంది. దీన్ని నెక్రోటిక్ ఎంటిరైటిస్ అంటారు. ఈ రెండింటినీ వేరువేరుగా చూస్తే చికిత్స తప్పుతుంది. యాంటీబయాటిక్‌తో క్లాస్ట్రీడియం తగ్గినా, దానికి దారి తీసిన ఐమేరియా మిగిలే ఉంటుంది. మందుల కలయికలోనూ జాగ్రత్త కావాలి: సాలినోమైసిన్ లేదా మోనెన్సిన్ ఉన్న మేత తింటున్న కోళ్లకు టియామ్యులిన్ ఇస్తే అవి విషప్రభావంతో చనిపోవచ్చు. పసుపు పండే ప్రాంతం గనుక పసుపు నీళ్ల సలహా కూడా మీకు వినిపిస్తుంది. అది టీకాకు గాని మందుకు గాని బదులు కాదు.

అనుమానం వస్తే అప్పుడే చనిపోయిన కోళ్లను దగ్గరలోని పశువైద్యునికి చూపించాలి. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. పేగును పొడవునా చీల్చి, మచ్చలకు 0 నుంచి 4 వరకు మార్కులు వేసే పద్ధతిని జాన్సన్, రీడ్ 1970లో ప్రతిపాదించారు. నేటికీ అదే వాడుకలో ఉంది.

అభ్యాసం: టీకా వేసిన 3,000 పిల్లల బ్యాచ్‌లో 16వ రోజున కొన్ని రెట్టలు జిగురుగా ఉన్నాయి, మరణాలు లేవు, మేత తగ్గలేదు. సూపర్‌వైజర్ వెంటనే నీళ్లలో ఆంప్రోలియం కలపమన్నాడు. మందు కలిపే ముందు మీరు షెడ్డులో ఏమేమి పరిశీలిస్తారు? 10 వాక్యాల్లో రాయండి.