వెయ్యి టన్నుల ప్రయోగానికి ఎక్కడ తవ్వాలి?

హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో బోరు వేయిస్తే ఏం జరుగుతుందో అక్కడ ఎవరినడిగినా చెబుతారు. పైన కాస్త మొరం, దానికో కేసింగ్ పైపు, ఆ తర్వాత రాయే రాయి. రిగ్గు చుట్టూ దుమ్ము లేస్తూనే ఉంటుంది. అదృష్టం బాగుంటే ఎక్కడో ఒక సందు తగిలి, దుమ్ము బురదై, నీళ్లు పైకి తంతాయి. లేకపోతే ఎంత లోతుకు దిగినా దుమ్మే. ఆ రాయి దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. నెర్రెలు వదిలేస్తే దానిలో ఖాళీ జాగా 1 శాతం కూడా ఉండదు.

కార్బన్ డయాక్సైడ్‌ను భూమి లోపల దాచే విధానాన్ని పరీక్షించడానికి హైదరాబాద్‌లో కేంద్రం పెట్టవచ్చా అన్న ప్రశ్నకు సగం జవాబు ఆ దుమ్ములోనే ఉంది. లెక్కలు వేసే ప్రయోగశాల ఇక్కడ ఉండొచ్చు, ఉంది కూడా. బావి మాత్రం వేరే చోట తవ్వాలి.

ఆ ప్రయోగశాల మూసీకి అవతల హబ్సిగూడలో ఉంది. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఎన్‌జీఆర్‌ఐ. 2007 జనవరిలో కార్బన్ నిల్వపై అంతర్జాతీయ సదస్సు అక్కడే జరిగింది. దక్కన్‌లో లావా గడ్డకట్టిన బసాల్ట్ రాయి ఈ పనికి పనికొస్తుందా అని ఎన్‌టీపీసీతో, అమెరికాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ జాతీయ ప్రయోగశాలతో కలిసి ఆ రోజుల్లోనే పరిశీలించింది. చౌటుప్పల్‌లో ఫ్రెంచి శాస్త్రవేత్తలతో కలిసి దాదాపు 30 బోర్లతో భూగర్భజల పరిశోధన క్షేత్రాన్ని నడిపింది. గ్రానైట్‌లో నీళ్లు ఎంత లోతు వరకు తిరుగుతాయో అక్కడి బోర్లే చెప్పాయి: పైనున్న మొరం పొర, దాని కింద నెర్రెల పొర. ఆ కింద దాదాపు ఏమీ లేదు.

ఇంతకీ ఎంత జాగా కావాలి? నేలపైన మామూలు ఎండలో 1 టన్ను కార్బన్ డయాక్సైడ్ సుమారు 550 ఘనపు మీటర్లు ఆక్రమిస్తుంది. ఇదే వాయువు 31 డిగ్రీల వేడి, 74 బార్ల ఒత్తిడి దాటితే అటు వాయువూ ఇటు ద్రవమూ కాని చిక్కటి స్థితికి వస్తుంది. సుమారు 800 మీటర్ల లోతులో ఈ రెండూ సహజంగానే ఉంటాయి. అక్కడ 1 టన్నుకు ఒకటిన్నర ఘనపు మీటర్లు చాలు. ఈ రంగంలో ఎవరి నోట విన్నా 800 మీటర్లే వినిపించడానికి కారణం ఇదే.

ఇప్పుడు 1,000 టన్నుల ప్రయోగం అనుకుందాం. లోపల కావలసిన ఖాళీ 1,500 ఘనపు మీటర్లు. రాతి పొర మందం 10 మీటర్లు, దానిలో సూక్ష్మ రంధ్రాలు 10 శాతం, వాటిలో ఐదో వంతు మాత్రమే నిండుతుంది అనుకున్నా, విస్తీర్ణం 7,500 చదరపు మీటర్లు. రెండెకరాలు లేదు. ఇంత చిన్న ప్రయోగమా అనిపిస్తుంది. 2,600 మెగావాట్ల రామగుండం ఎన్‌టీపీసీ కేంద్రం 80 శాతం సామర్థ్యంతో నడిస్తే, యూనిట్‌కు 0.95 కిలోల చొప్పున, ఏడాదికి 1.7 కోట్ల టన్నులకు పైగా వదులుతుంది. మన 1,000 టన్నులు ఆ చిమ్నీలకు అరగంట పని. అయినా ప్రయోగాన్ని చిన్నగానే మొదలుపెట్టాలంటాను. ఎంత దాచగలం అన్నది తర్వాతి సంగతి. దాచింది దాచినచోటే ఉందని చూపించగలమా అన్నది ముందు తేలాలి.

ఈ పరీక్ష ఎందుకు అవసరమో ఒక్క అంకె చూస్తే తెలుస్తుంది. 2021లో ఐఐటీ బాంబే పరిశోధకులు ప్రచురించిన అంచనా ప్రకారం మన దేశపు బసాల్ట్‌లో 9,700 కోట్ల నుంచి 31,600 కోట్ల టన్నుల దాకా పడుతుంది. కింది అంకెకూ పై అంకెకూ మూడింతల తేడా! బావి తవ్వి, పంపు పెట్టి చూస్తే తప్ప ఈ తేడా తగ్గదు.

బసాల్ట్ మీద ఆశకు బలమైన ఆధారమే ఉంది. ఐస్‌లాండ్‌లో కార్బ్‌ఫిక్స్ బృందం 2012లో 250 టన్నుల లోపు వాయువును నీళ్లలో కలిపి 400 నుంచి 800 మీటర్ల లోతుకు పంపింది. బసాల్ట్‌లోని కాల్షియంతో కలిసి 95 శాతానికి పైగా రెండేళ్లలోపే రాయిగా మారింది. కానీ గోలీసోడాలో లాగా వాయువును నీళ్లలో కరిగించి పంపే పద్ధతి అది. 1 టన్నుకు సుమారు 25 టన్నుల నీళ్లు కావాలి. 1,000 టన్నులకు రెండున్నర కోట్ల లీటర్లు, అంటే జలమండలి 5,000 లీటర్ల ట్యాంకర్లు 5,000. ఎండాకాలం ట్యాంకర్ కోసం బిందెలు వరుసపెట్టే పాతబస్తీ వాళ్లకు ఈ అంకెను వివరించనక్కర్లేదు. దక్కన్‌లో ఈ పద్ధతి కుదరదనే నా అభిప్రాయం.

నీళ్లు లేకుండా చేసిన పరీక్ష అమెరికాలోని వాలూలాలో జరిగింది. 2013లో దాదాపు 1,000 టన్నులు, 830 నుంచి 890 మీటర్ల లోతులో. రెండేళ్లకు తీసిన రాతి నమూనాల్లో కార్బొనేట్ ఖనిజం కనిపించింది. మనకు ఆ లోతు బసాల్ట్ ఎక్కడుంది? వికారాబాద్ దగ్గర ఉన్నది దక్కన్ లావా అంచు, అక్కడ పొర పలుచన. మహారాష్ట్రలోని కోయ్నాలో 2017లో పూర్తయిన 3 కిలోమీటర్ల బోరులో బసాల్ట్ 1,247 మీటర్లు తేలింది. దాని కింద నేరుగా గ్రానైటే. మందం బాగుంది కానీ, 1967 డిసెంబర్‌లో 6.3 తీవ్రతతో భూకంపం వచ్చింది అక్కడే. జలాశయం నీటి ఒత్తిడి రేపిన భూకంపాలకు ప్రపంచమంతా ఉదాహరణగా చూపే చోటుకు మరో ద్రవాన్ని పంపుదామని ఎవరూ అనరు.

మన రాష్ట్రంలో మిగిలేది గోదావరి లోయ. సింగరేణి బొగ్గున్న ఈ లోయలో ఇసుకరాతి పొరలు బోలెడు. రామగుండం చిమ్నీలు దాని ఒళ్లోనే ఉన్నాయి కాబట్టి పైపు కూడా దూరం వేయనక్కర్లేదు. జార్ఖండ్‌లోని పక్రీ బర్వాడీ బొగ్గు గని దగ్గర ఎన్‌టీపీసీ 2025లో 1,200 మీటర్ల నిల్వ బావి మొదలుపెట్టింది. అలాంటి బావి ఇక్కడా తవ్వవచ్చు. అయితే 2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం హైదరాబాద్‌లోనూ తెలిసింది. 1969లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది. రెండూ గోదావరి లోయవే. రాయి బాగున్నచోటే భూమిలో పాత పగుళ్లూ ఉన్నాయి.

అందుకే ఖర్చు, కాలం రెండూ ముందు కొలతలకే పోవాలి. వాయువు పంపడానికి కనీసం రెండేళ్ల ముందు భూకంప మాపకాలు పెట్టి, అక్కడ మామూలుగా ఎన్ని చిన్న కదలికలు వస్తాయో నమోదు చేయాలి. చుట్టుపక్కల బావుల్లో బైకార్బొనేట్ ఎంత, నేల నుంచి సహజంగా ఎంత కార్బన్ డయాక్సైడ్ వస్తోంది అన్నవి ఏడాది పొడవునా, వానాకాలంతో సహా, రాసిపెట్టాలి. లేకపోతే రేపు ఎవరి బావిలోనో నీళ్లు మారాయంటే తప్పెవరిదో తేలదు. జర్మనీలోని కెట్సిన్‌లో 2008 నుంచి 2013 వరకు పంపింది 67,000 టన్నులు. పంపడం ఆపాక కూడా ఏళ్ల తరబడి కొలిచారు.

జనం భయపడతారు, భయపడే హక్కు వాళ్లకుంది. 1995లో పాశర్లపూడి బావి 65 రోజులు మండిన సంగతి కోనసీమ మరిచిపోలేదు. కార్బన్ డయాక్సైడ్ మండదు. కానీ రంగూ వాసనా లేదు, గాలి కంటే బరువు, పల్లంలో పేరుకుంటుంది. మామూలు గాలిలో అది 0.04 శాతం; 4 శాతానికి చేరితే ప్రాణాపాయం. పల్లపు ఇళ్లలో, గని దారుల్లో హెచ్చరిక పరికరాలు మొదటి బడ్జెట్‌లోనే ఉండాలి.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది పాత బోర్లు. దశాబ్దాలుగా బొగ్గు వెతుకుతూ ఆ లోయలో వేసిన బోర్లు లెక్కలేనన్ని. సిమెంటు సరిగా పడని ఒక్క బోరు చాలు, లోపలి వాయువు పైకి రావడానికి. స్థలం ఖరారు చేసేముందు చుట్టూ కనీసం 5 కిలోమీటర్ల పరిధిలో ప్రతి పాత బోరునూ పటం మీద గుర్తించాలి, లోతు రాయాలి, తెరిచి ఉన్నవాటిని అడుగు నుంచి సిమెంటుతో పూడ్చాలి. ఆ పటం గ్రామ పంచాయతీ గోడ మీద తెలుగులో వేలాడాలి, తమ పొలంలోని బోరు అందులో లేదని ఏ రైతయినా వేలు పెట్టి చూపించగలిగేలా.