పదితలల బొమ్మకు బేరము

హిందూపురమునకు చేరువనున్న లేపాక్షి వీరభద్రాలయపు మంటపమున నిలిచి తలయెత్తి చూచినవారికి, పదునారవ శతాబ్దమునాటి చిత్రకారులు కప్పుమీద దీర్చిన కోలకన్నులును, అంచుల చీరలును, ఆభరణములును కన్నులపండువు చేయును. వానిని విప్పి మూటగట్టి అమ్ముకొనుట ఎవరి తరమును కాదు గనుక అవి నేటికిని అచ్చటనే యున్నవి. విజయనగర రాజుల మలి రాజధానియైన పెనుకొండ దాటి, ధర్మవరము మండలములోని నిమ్మలకుంట చేరినచో, ఆ చిత్రములకు చుట్టములే యనదగిన తోలుబొమ్మలు కనబడును. వీనిని మాత్రము గుడ్డలో చుట్టి ధర్మవరము జంక్షనులో రైలెక్కించవచ్చును. కళావర్తకునికి పని కలుగుట ఇచ్చటనే.

మేకతోలును నానబెట్టి, వెండ్రుకలు గీకి, దీపపు వెలుగు చొచ్చివచ్చునంత పలుచన చేసి, ఉలితో పొడిచిన రంధ్రములే హారములై కిరీటములై మెరయునట్లు చేసిన యీ బొమ్మలు కొన్ని మనిషియెత్తున నుండును. ఆటకు ఒక్క బొమ్మ చాలదు. రాముడు, రావణుడు, హనుమంతుడు, నడుమ నవ్వించుటకు బంగారక్క, జుట్టుపోలిగాడు, అందరును కావలయును. వర్తకుడు వచ్చి పదితలల రావణు నొక్కనినే మంచి వెలయిచ్చి కొనిపోయినచో, అమ్మినవాని అప్పు తీరునేమో గాని, పెట్టెలో మిగిలిన రామునికి యుద్ధము చేయుటకు శత్రువే యుండడు.

ఇట్టి వ్యాపారమును ప్రపంచస్థాయిలో నడపినవాడు పారిసులో స్థిరపడిన చైనీయుడు సి.టి. లూ (1880–1957). దుకాణమును ఎఱ్ఱని పగోడాగా మలచుకొని, ఫ్రీర్, రాక్‌ఫెల్లర్ వంటి అమెరికా ధనికుల సంగ్రహములకు ఆసియా కళాఖండములను సమకూర్చిన ఆయన కన్ను గొప్పదే. కాని, కాంచీపుర ప్రాంతమున దొరికి, 1926 ప్రాంతమున ఆయన ద్వారా విదేశములకు తరలిన యోగినీ విగ్రహములు, ఒకే గుడిలో కొలువుండవలసిన అక్కచెల్లెండ్రు, నేడు పారిసు, లండను, వాషింగ్టను, టొరంటో మ్యూజియములలో తలయొక దిక్కున నున్నారు. మన దేశమున 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టము 1976లో అమలునకు వచ్చినది. నూరేండ్లు నిండిన కళాఖండమును వర్తకుడు విదేశమునకు పంపరాదు, ఇచ్చటనే అమ్ముటకైనను లైసెన్సు పొందవలయును.

వర్తకుని దోషిగా నిలబెట్టుట నా యుద్దేశము కాదు. కొనువాడు లేకున్న బొమ్మలాటవాని పొయ్యిలో పిల్లి లేవదు. సినిమా వచ్చి ప్రేక్షకులను లాగుకొనిన పిదప ఆ కుటుంబములను నిలిపినవి తోలుతో చేయు ల్యాంపుషేడ్లు, గోడబొమ్మలే. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. నా అభ్యంతరమొక్కటే: ప్రైవేటు సంగ్రహములలో బొమ్మ క్రింద “ఆంధ్రదేశము, తోలు, రంగులు” అని చీటీ యంటించి, చేసినవాని పేరు విడిచిపెట్టుట. వెల గట్టిన వర్తకుడు ఆ పేరు అడిగి వ్రాసుకొనియుండిన, ఆ పనికి అణాయైనను ఖర్చయ్యెడిది కాదు.

పట్టుచీరకై ధర్మవరము వెళ్లు పాఠకులు ఒక పూట మిగుల్చుకొని నిమ్మలకుంట చూచి రండు. బొమ్మ కొన్నచో, చేసినవారి పేరు, ఊరు, తేదీ వారిచేతనే వ్రాయించి, ఆ చీటీని బొమ్మతోపాటు భద్రపరచుడు.