గండిపేట నీరు – గల్లీ చివరి కుళాయి

1908 మూసీ వరదల పిదప మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సూచనలపై కట్టిన గండిపేట జలాశయము 1920లో పూర్తియైనది. వేసవి శిక్షణకు వచ్చు ఇంజనీరింగు విద్యార్థులు దానిని చూడగోరుట సహజము. కాని వారిని ముందు పాతబస్తీ గల్లీలోని చిట్టచివరి కుళాయి కడకు పంపవలెనని మా అభిప్రాయము.

అచట నీరు దినమంతయు రాదు. నిలిపినంతనే గొట్టములలో ఒత్తిడి తగ్గును. చిల్లి యున్నచో ప్రక్కనున్న మురుగు లోనికి చొరబడును. తేటగా కనుపించినంత మాత్రమున నీటిని నమ్మరాదు. లీటరుకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియుండవలెను. పరీక్షనాళికలో మందుచుక్కలు వేసి రంగు పోల్చుట రెండు నిమిషముల పని. రంగు రాకున్నచో, ఏ మలుపున గొట్టము చెడినదో కుళాయి కుళాయికి పరీక్షించుచు వెనుకకు నడచి వెదకవలసినదే. మొదటి బిందె వాసన సంగతి ఆ వీధి ఇల్లాండ్రు పరికరముకన్న ముందే చెప్పుదురు, వారినడుగుటకు సిగ్గెందుకు?